జెరూసలెంలో ఒక ఏడాది: రబ్బీ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

రబ్బీ (యూదు మతగురువు) చదువులో భాగంగా విదేశానికి వెళ్లే ఏడాది అంటే ఎక్కువ మందికి జెరూసలెం ఏడాదే. యూదు మతంలోని రిఫార్మ్ శాఖకు చెందిన హీబ్రూ యూనియన్ కాలేజ్ 1970లో ఈ నియమం పెట్టి, అమెరికాలో చేరినవారిని మొదటి ఏడాది తన జెరూసలెం క్యాంపస్‌కు పంపడం మొదలుపెట్టింది. కన్సర్వేటివ్ శాఖ సెమినరీలు (రబ్బీలను తయారుచేసే కళాశాలలు) కోర్సు నడిమధ్యలో పంపుతాయి. ఆర్థడాక్స్ వైపు యెషివా యూనివర్సిటీకి బయిత్ వెగాన్ పేటలో గ్రుస్ ఇన్‌స్టిట్యూట్ అనే సొంత శాఖ ఉంది. లండన్‌లో 1956లో పెట్టిన లియో బేక్ కాలేజ్ నుంచీ, బ్యూనస్ ఎయిర్స్‌లో 1962లో పెట్టిన సెమినారియో రబ్బీనికో నుంచీ వచ్చే విద్యార్థులు కూడా ఈ ఊళ్లోనే కలుస్తారు.

చదువుకునే అవకాశాలు అక్కడ ఎన్ని ఉన్నాయంటే, ఏది వదులుకోవాలో తెలియకే చాలామంది ఏడాది పాడవుతుంది. ఉదయం తల్ముద్ (యూదు ధర్మచర్చల ప్రధాన గ్రంథం), మధ్యాహ్నం యూనివర్సిటీ కోర్సు, సాయంత్రం ఉపన్యాసం, వారాంతం యాత్ర అని పట్టిక నింపేస్తారు. డిసెంబరు వచ్చేసరికి దేనికీ ముందుగా చదివి వెళ్లలేని స్థితి. ఇక్కడ ఇచ్చే సలహాలన్నిటికీ ఆధారం ఒక్కటే: ఉదయం మూడు నాలుగు గంటలు మూలగ్రంథం ముందు తోడుతో కూర్చోవడం ముందు ఖాయం కావాలి. మిగిలినవి ఆ వేళకు అడ్డురాని చోటే పెట్టుకోవాలి.

మొదటి అడుగు: సొంత సెమినరీతో లెక్క తేల్చుకోవడం (బయలుదేరడానికి 12 నెలల ముందు)

దరఖాస్తు కన్నా ముందు మీ డీన్ ఆఫీసు నుంచి నాలుగు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి.

1. అక్కడి ఏ తరగతి ఇక్కడి ఏ కోర్సుకు సమానం, ఎన్ని క్రెడిట్లు.
2. మార్కులు ఇవ్వని షియూర్‌కు (అధ్యాపకుడి పాఠానికి) బదులు ఏ పత్రం ఒప్పుకుంటారు. చాలా యెషివాల్లో (తల్ముద్ ప్రధానంగా చదివే బడుల్లో) పరీక్ష ఉండదు. హాజరు, చదివిన పుటలు, అధ్యాపకుడి అంచనా లేఖ ఇవే దొరుకుతాయి.
3. ఫీజు ఎవరికి కట్టాలి. మీ సెమినరీకా, అక్కడి సంస్థకా, రెంటికీనా?
4. తిరిగి వచ్చాక ఏ స్థాయి తల్ముద్ తరగతిలో కూర్చోబెడతారు, దానికి పరీక్ష ఉందా.

అమెరికా ప్రభుత్వ విద్యారుణం మీద చదివేవారికి ఇంకో మెలిక ఉంది. రెండు సంస్థల మధ్య లిఖిత ఒప్పందం లేకపోతే విదేశంలో ఉన్న నెలలకు రుణం విడుదల కాదు. ఈ ఒప్పందం విద్యార్థి తిరిగితే అయ్యేది కాదు, రెండు కార్యాలయాలూ సంతకం పెట్టాలి. వేసవి సెలవుల్లో ఆ కుర్చీల్లో ఎవరూ ఉండరు కాబట్టి ఏప్రిల్ దాటనివ్వకండి.

రెండో అడుగు: ఎక్కడ చేరాలి

పేరు చూసి కాక, అక్కడ పుటను ఎలా చదువుతారో చూసి ఎంచుకోవాలి. అదే తల్ముద్ పుటను మూడు చోట్ల మూడు రకాలుగా చదువుతారు.

పర్దేస్ ఇన్‌స్టిట్యూట్ (1972) ఏ శాఖకూ చెందదు. స్త్రీ పురుషులు కలిసి చదువుతారు, బోధన ఇంగ్లిషులో, పాఠం మాత్రం హీబ్రూ, అరామిక్ మూలంలో. వేర్వేరు సెమినరీల విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు ఇది. మీ ఉద్యమం బయటి వాదనలు వినాలనుకుంటే మంచి ఎంపిక. అగ్రోన్ వీధిలోని కన్సర్వేటివ్ యెషివా (1995) మూలపాఠం చదివే నైపుణ్యం మీద నిలబడింది. తల్ముద్ పునాది బలహీనంగా ఉన్నవారికి అక్కడి దిగువ స్థాయి తరగతులు చాలా ఉపయోగం. మసోర్తి ఉద్యమానికి (ఇజ్రాయెల్‌లో కన్సర్వేటివ్ శాఖ పేరు) చెందిన షెఖ్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో బోధనే హీబ్రూలో జరుగుతుంది. వాక్యం వెంట వాక్యం అందుకోలేనివారు అక్కడ చేరి సెమిస్టర్ పోగొట్టుకోవద్దు. షాలోమ్ హార్ట్‌మన్ ఇన్‌స్టిట్యూట్ బలం వేరే చోట ఉంది: సమకాలీన యూదు ఆలోచన, ఇజ్రాయెల్ సమాజం, రాజ్యానికీ మతానికీ మధ్య తగాదాలు. దాన్ని ప్రధాన బడిగా కాక వారానికి ఒక సెమినార్‌గా పెట్టుకుంటే బాగా కుదురుతుంది.

పైస్థాయి తల్ముద్, హలఖా (యూదు ధర్మశాస్త్రం) చదవాలనుకునే స్త్రీలకు ఆర్థడాక్స్ ప్రపంచంలోనే మతాన్ (1988), నిష్మత్ (1990) ఉన్నాయి. నిష్మత్ దాంపత్య శుద్ధి నియమాలలో సలహాలిచ్చే స్త్రీలను తయారు చేస్తుంది. ఆ అంశంలో అంత లోతైన శిక్షణ దొరికే చోట్లు తక్కువ. మౌంట్ స్కోపస్ మీద హీబ్రూ యూనివర్సిటీ తల్ముద్ విభాగం పద్ధతి పూర్తిగా అకడమిక్: రాతప్రతుల పాఠాంతరాలు, పొరల విభజన, చారిత్రక నేపథ్యం. యెషివా చదువుకు అది ప్రత్యామ్నాయం కాదు. రెండో సెమిస్టర్‌లో ఒక్క కోర్సు తీసుకుంటే కొత్త చూపు వస్తుంది.

దరఖాస్తుతో పాటు మీరు చదవగలిగిన పుట ఏదో నిజాయితీగా రాయండి. స్థాయి పెంచి చెప్పుకున్నవారు రెండో వారంలో తరగతి మారాల్సి వస్తుంది. అప్పటికి అందరికీ చదువు జతలు కుదిరిపోయి ఉంటాయి.

మూడో అడుగు: భాషల సన్నాహం (కనీసం ఆరు నెలలు)

వెళ్లాక హీబ్రూ వచ్చేస్తుందనుకోవద్దు. చదువుకునే చోటా, అద్దెకుండే ఇంట్లోనూ ఇంగ్లిషే నడుస్తుంది. కాఫీ కొట్టులో మీ యాస వినగానే అవతలివారే ఇంగ్లిషులోకి మారిపోతారు.

నిజానికి మీ ముందున్నవి మూడు భాషలు. నేటి హీబ్రూ, మిష్నా (తల్ముద్‌కు మూలమైన పాత ధర్మసంకలనం) నాటి హీబ్రూ, బాబిలోనియా తల్ముద్‌లోని అరామిక్. నేటి హీబ్రూకు ఉల్పాన్ అనే ముమ్మర భాషా తరగతులు ఉన్నాయి. యూనివర్సిటీల ఉల్పాన్ హీబ్రూ అక్షరాల వరుసలో అలెఫ్ నుంచి వావ్ దాకా ఆరు మెట్లు. కనీసం రెండోదైన బేత్ పూర్తి చేసి విమానం ఎక్కండి. ఏడు క్రియారూపాల్లోనూ భూతకాలం చూసి గుర్తుపట్టగలిగితే మూడోదైన గిమెల్‌లో కూర్చోవచ్చు. వేసవి ఉల్పాన్ జులై, ఆగస్టుల్లో రోజూ నాలుగైదు గంటలు నడుస్తుంది. సెమినరీ మొదలవకముందే అది ముగించుకుంటే శరదృతువంతా కలిసొస్తుంది.

ఆరు నెలల్లో చేయాల్సిన పని ఇదీ. మొదటి రెండు వారాలు రోజూ 20 నిమిషాలు రాషి లిపి. వ్యాఖ్యానాలు ముద్రించే ఆ అక్షరాలు కంటికి అలవాటు కాకపోతే ప్రతి వరుసా ఆగి ఆగి సాగుతుంది. తర్వాత రెండు నెలలు అచ్చుల గుర్తులు లేని మిష్నాను పైకి చదవడం. మిష్నా భాగాల్లో బవా మెసియా రెండో అధ్యాయం, బెరఖోత్ మొదటి అధ్యాయం మొదలుపెట్టడానికి బాగుంటాయి. ఆ తర్వాత అరామిక్. వ్యాకరణ పుస్తకం మొదటి పుట నుంచి చివరి దాకా చదవనక్కర్లేదు, తల్ముద్ వాదనను నడిపే సూచక పదాలు ఒక 40 కంఠస్థం చేయండి. కొన్ని:

- తనన్: ఇప్పుడు వచ్చేది మిష్నా నుంచి తెచ్చిన వాక్యం.
- తన్యా: వచ్చేది బరాయితా, అంటే మిష్నాలో చేరని అదే కాలపు బోధన.
- మేతీవీ: పాతతరం బోధన చూపించి చేసే ఆక్షేపణ.
- తా షెమా: ఆధారం తెస్తున్నారు, విను.
- ఇబయా లెహూ: తేలని ప్రశ్న ఒకటి లేచింది.
- తేయ్కూ: ఆ ప్రశ్న తేలకుండానే వదిలేశారు.

నిఘంటువుల్లో మార్కస్ జాస్ట్రో కూర్చినది అందరి బల్ల మీదా ఉంటుంది. దాని వ్యుత్పత్తులు పాతబడ్డాయి, అరామిక్ అర్థాల దగ్గర సోకోలోఫ్ నిఘంటువు నమ్మదగినది. సెఫారియా వెబ్‌సైట్‌లో పాఠం ఉచితంగా దొరుకుతుంది, ఒక్క మాట నొక్కితే అర్థమూ వస్తుంది. ఆ సౌకర్యమే కొత్తవారికి అడ్డు. ఎలాగో కింద చూద్దాం.

నాలుగో అడుగు: వీసా, డబ్బు, ఇల్లు

చదువుకు వెళ్లేవారికి కావాల్సింది ఏ/2 విద్యార్థి వీసా. ఒక ఏడాది వరకూ ఇస్తారు, తర్వాత పొడిగించుకోవచ్చు. సంస్థ ప్రవేశ లేఖ, ఖర్చులకు డబ్బుందని చూపే పత్రాలు, బీమా, చెల్లుబాటు తగినంత మిగిలిన పాస్‌పోర్టు అడుగుతారు. దీని మీద ఉద్యోగం చేయకూడదు. అమెరికా వంటి దేశాల పాస్‌పోర్టు ఉన్నవారు పర్యాటకుల్లా దిగి అక్కడ మార్చుకుందామనుకుంటారు. అంతర్గత వ్యవహారాల శాఖ అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని. 2025 జనవరి నుంచి అలా వచ్చేవారికి ఆన్‌లైన్ ముందస్తు అనుమతి కూడా తప్పనిసరి అయింది. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఆ దారే లేదు, వీసా చేతికి వచ్చాకే టికెట్. తల్లి గానీ తండ్రి గానీ ఇజ్రాయెలీ అయితే మీరు కూడా పౌరులుగా లెక్కకు రావచ్చు. అప్పుడు ఇజ్రాయెలీ పాస్‌పోర్టు మీదే ప్రవేశించాలి, సైనిక సేవ సంగతీ ముందే కాన్సులేట్‌లో తేల్చుకోవాలి. విమానాశ్రయంలో తెలుసుకునే విషయం కాదిది.

ఇజ్రాయెల్ ప్రభుత్వం, జ్యూయిష్ ఏజెన్సీ కలిసి 2004లో పెట్టిన మసా పథకం దీర్ఘకాలిక కార్యక్రమాలకు డబ్బు సాయం చేస్తుంది. వయసు, కార్యక్రమ నిడివి, లా ఆఫ్ రిటర్న్ (యూదులకు ఇజ్రాయెల్ పౌరసత్వ హక్కు ఇచ్చే చట్టం) కింద అర్హత చూస్తారు. మతం స్వీకరించి యూదులైనవారు ఆ ధ్రువపత్రం, తమ సమాజం రబ్బీ లేఖ అసలు ప్రతులే పట్టుకెళ్లాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం సమాజం ఉంది. అలాంటి నేపథ్యం నుంచి రబ్బీ చదువుకు రావాలనుకునేవారు ఏ సెమినరీ ఏ హోదాను ఒప్పుకుంటుందో మొదటే కనుక్కుంటే మంచిది, శాఖను బట్టి జవాబు మారుతుంది.

ఇల్లు బాకా, తల్పియోత్, కతమోన్, నఖ్లావోత్ పేటల్లో వెతుకుతారు. ప్రకటనలో 'మూడు గదులు' అంటే హాలు కూడా కలిపి మూడు, పడకగదులు రెండే. అద్దె మీద అర్నోనా అనే పురపాలక పన్ను, మెట్లు ఊడ్చే ఖర్చుకు వాద్ బయిత్ రుసుము పడతాయి. ఒప్పందంలో అవి ఎవరు కట్టాలో చూసుకోండి. యజమానులు జామీనుదారు సంతకం, హామీ చెక్కులు అడుగుతారు. విదేశీ విద్యార్థికి ఇవి దొరకవు కాబట్టి మొదటి ఏడాది వారు వెళ్లిపోతున్న విద్యార్థుల గదిలోకి చేరడమే సులువు. బాంబు ఆశ్రయం గది ఇంట్లోనే ఉందా, మెట్ల కింద ఉందా, వీధి చివర ఉందా అన్నది సంతకం పెట్టకముందే నడిచి చూడండి. హోమ్ ఫ్రంట్ కమాండ్ యాప్ దిగిన రోజే ఫోన్‌లో వేసుకోవాలి.

వంటగది సంగతి చిన్నదనిపిస్తుంది, గదిమిత్రులు విడిపోయేది అక్కడే. పాలకూ మాంసానికీ వేర్వేరు గిన్నెలు, ఏ కోషర్ (ఆహార నియమాల) ముద్ర ఉన్న సరుకులు తెచ్చుకోవచ్చు, షబ్బత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా విశ్రాంతి) నాడు పొయ్యి ఎలా, పస్కాకు ఎవరు ఏం కడగాలి, ఇవి కాగితం మీద పెట్టుకుని తలుపుకు అతికించండి. జెరూసలెం సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తులో ఉంది. జనవరిలో రాతి ఇళ్లు ఎముకలు కొరుకుతాయి. చలి దుస్తులు తీసుకెళ్లకపోతే అక్కడ కొనడం ఖరీదు.

శుక్రవారం దిగే విమానం ఎక్కవద్దు. మధ్యాహ్నం నుంచి బస్సులు, ట్రామ్, విమానాశ్రయం రైలు ఆగిపోతాయి. జెరూసలెంలో షబ్బత్ దీపం వెలిగించే వేళ సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందే, మిగతా ఊళ్లకన్నా త్వరగా.

ఐదో అడుగు: ఏడాదిని జ్మాన్‌ల లెక్కన చూడటం

యెషివాల్లో చదువు మూడు విడతలు, ఒక్కో విడతను జ్మాన్ అంటారు, తేదీలు యూదు మాసాలవి. ఎలుల్ జ్మాన్: ఎలుల్ మొదటి రోజు నుంచి యోమ్ కిప్పూర్ దాకా. శీతాకాల జ్మాన్: హెష్వాన్ మొదటి నుంచి నిసాన్ దాకా. వేసవి జ్మాన్: ఇయ్యార్ మొదటి నుంచి ఆవ్ తొమ్మిది దాకా. అమెరికన్ల కోసం నడిచే సంస్థలు దీన్ని సెమిస్టర్లకు సర్దుతాయి గానీ పండుగ సెలవులు అవే.

2026–27ను తీసుకుందాం. ఎలుల్ ఆగస్టు 14న మొదలవుతుంది, రోష్ హషానా సెప్టెంబరు 12న, యోమ్ కిప్పూర్ 21న, సుక్కోత్ 26న. శీతాకాల జ్మాన్ అక్టోబరు 12న. యూదు క్యాలెండర్‌లో 5787 అధికమాస సంవత్సరం, అదార్ మాసాలు రెండు. అందుకే పస్కా ఏప్రిల్ 22కు జరిగి శీతాకాల జ్మాన్ ఒక నెల పొడుగవుతుంది. పెద్ద సూగ్యా, అంటే సాగతీసిన వాదనల ఘట్టం, ఈ విడతలోనే పట్టాలి. శరదృతువులో వారాలు ముక్కలవుతాయి, అప్పుడు ప్రార్థనా గ్రంథం, పండుగల హలఖా చదవడం మేలు.

ఆరో అడుగు: హవ్రూతా పని చేయించుకోవడం

బేత్ మిద్రాష్ అనే చదువు హాలులో ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని పైకి చదువుతారు. ఆ జతనీ, జతలోని తోడునీ హవ్రూతా అంటారు. మీకన్నా చాలా ముందున్నవారిని ఎంచుకోవడం మొదటి పొరపాటు. ఆయన అనువదిస్తారు, మీరు తల ఊపుతారు, షియూర్‌లో అంతా అర్థమైనట్టే ఉంటుంది. వారం తర్వాత అదే పుట ఒంటరిగా తెరిస్తే ఒక్క వరుసా కదలదు. కాస్త ఎక్కువో తక్కువో, మీ స్థాయివారే కావాలి. మొదటి వారంలో ఇద్దరు ముగ్గురితో ఒక్కో ఉదయం కూర్చుని చూడండి. జత కుదరకపోతే మూడో వారం లోపు అధ్యాపకుడికి చెప్పండి. ఆ తర్వాత మార్చడం అందరికీ ఇబ్బంది.

మూడు గంటల్లో ఒక సూగ్యా ఎలా నడవాలో చూద్దాం. బవా మెసియా 21బి (21వ ఆకు రెండో వైపు) ఘట్టం తీసుకోండి: పోయిన వస్తువు యజమానికి పోయిందన్న సంగతే ఇంకా తెలియదు, తెలిస్తే ఆశ వదులుకునేవాడే. దొరికినవాడు దాన్ని ఉంచుకోవచ్చా? తల్ముద్ పండితుల్లో అబయే కూడదంటాడు, రవా అవునంటాడు.

మొదట మిష్నా మళ్లీ చదవండి, పది నిమిషాలు. తర్వాత గెమారాను (మిష్నా మీద సాగిన చర్చను) వ్యాఖ్యానం లేకుండా గట్టిగా, విరామాలు మీరే పెట్టుకుంటూ చదవండి. విల్నా ముద్రణలో నడుమ గెమారా, బైండింగ్ వైపు మధ్యయుగ పండితుడు రాషి వ్యాఖ్య, బయటి అంచున ఆయన తర్వాతివారి తోసాఫోత్ వ్యాఖ్యలు. విరామచిహ్నాలు దాదాపు ఉండవు. పెన్సిల్‌తో అంచున ప్రశ్నకు ఒక గుర్తు, సమాధానానికి ఒకటి, ఆధారానికి ఒకటి పెట్టండి. మాట్లాడేది మిష్నా కాలపు తన్నానా, తర్వాతి అమోరానా రాసుకోండి. అమోరాను తన్నా వాక్యంతో కొట్టవచ్చు, తలకిందులుగా కుదరదు. ఆ తేడా తెలియకపోతే ఇక్కడ వరుసగా వచ్చే ఆధారాలు ఎందుకు తెస్తున్నారో అంతుపట్టదు. ఇదంతా అయ్యాకే రాషి. రాషి తనకు తెలియనిదాన్ని నింపడు, మీరు ఎక్కడ తడబడతారో ముందే చూసి అక్కడ వాక్యం వేస్తాడు. 'హాఖి గర్సినన్' అని మొదలైతే పాఠమే దిద్దుతున్నాడని అర్థం. తోసాఫోత్ చివర, అదీ ఒకటి రెండు మాత్రమే.

వాదన 22బి దాకా సాగి అబయే పక్షాన తేలుతుంది. అబయే, రవాల తగాదాల్లో సాధారణంగా తీర్పు రవాది, ఆరు చోట్లే అబయేది. అందులో ఇది ఒకటి. చివరి పది నిమిషాలు పుస్తకం మూసి, మెట్లు ఒకరికొకరు చెప్పుకోండి. ఈ పది నిమిషాలు ఎగ్గొట్టే జతలకే షియూర్‌లో నోరు పెగలదు.

ఇక అనువాదం సంగతి. స్టైన్‌సాల్ట్జ్, ఆర్ట్‌స్క్రోల్ ముద్రణలు, సెఫారియా కిటికీ మొదటి వరుస నుంచే తెరిచి ఉంచితే మీరు చదివేది అనువాదకుడి వివరణను, తల్ముద్‌ను కాదు. 20 నిమిషాలు ఒకే వాక్యం దగ్గర ఆగిపోయినప్పుడు తెరవండి, ఆ వాక్యం చూసి మూసేయండి. ఫోన్ సంచిలో ఉండాలి.

రోజుకో పుట చదివే దాఫ్ యోమి వేరే పని. 2,711 పుటలు ఏడున్నరేళ్లలో పూర్తవుతాయి, ప్రస్తుత 14వ ఆవృత్తి 2027 జూన్ 7న ముగుస్తుంది. కొత్త ఆవృత్తి మొదటి రోజున అక్కడ ఉంటే చేరండి, విస్తృతి వస్తుంది. దాన్ని ఉదయపు చదువుకు బదులుగా లెక్కించవద్దు.

ఉదయం తర్వాత ఊరు ఇచ్చేది

ప్రార్థనకు ఒకే చోట స్థిరపడకుండా మొదటి మూడు నెలలు తిరగండి. బాకాలో కోల్ హనెషమా రిఫార్మ్ సమాజం, అగ్రోన్ వీధిలో కన్సర్వేటివ్ వారి మోరెషెత్ యిస్రాయెల్, 2002లో మొదలైన షిరా హదాషాలో హలఖా పరిధిలోనే స్త్రీలు కొన్ని భాగాలు నడిపించే పద్ధతి. నఖ్లావోత్‌లోని ఆదెస్ సినగాగ్ అలెప్పో యూదులది, 1901 నాటిది. చలికాలపు షబ్బత్ వేకువన మూడు గంటల వేళ మకామ్ అనే అరబ్బీ రాగాల్లో బక్కషోత్ అనే స్తుతి గీతాలు పాడతారు. ఆ తరహా పాట యూరప్ బాణీలే తెలిసిన సెమినరీ తరగతిలో దొరకదు. పశ్చిమ గోడ దక్షిణ భాగంలో రాబిన్సన్ ఆర్చ్ దగ్గర స్త్రీ పురుషులు కలిసి ప్రార్థించే చోటు ఉంది.

నేషనల్ లైబ్రరీ 2023 అక్టోబరులో క్నెస్సెట్ (పార్లమెంటు) పక్కన కొత్త భవనంలోకి వచ్చింది. పాస్‌పోర్టుతో రీడర్ కార్డు ముందే చేయించుకోండి. రాతప్రతుల డిజిటల్ ప్రతులు క్తీవ్ అనే వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే చూడవచ్చు. ఇజ్రాయెల్ మ్యూజియంలో కొచ్చి నుంచి తెచ్చిన కడవుంభాగం సినగాగ్ లోపలి భాగాన్ని యథాతథంగా నిలబెట్టారు. మలబారు చెక్కపని అది, మన దక్షిణాది కళ్లకు వెంటనే తెలుస్తుంది.

రాజకీయ వాస్తవాన్ని తప్పించుకుని ఏడాది గడిపితే తిరిగి వెళ్లాక సమాజం అడిగే మొదటి ప్రశ్నకే జవాబుండదు. త్రుఆ సంస్థ రబ్బీ విద్యార్థులకు ఏడాది పొడవునా మానవహక్కుల కార్యక్రమం నడుపుతుంది. ఎన్‌కౌంటర్ సంస్థ పాలస్తీనీయులను వారి చోటే కలిపించే యాత్రలు చేస్తుంది. భిన్న అభిప్రాయాల కోసం హార్ట్‌మన్ సెమినార్లూ చూడండి. వీటన్నిటిలో ఒక్క విడతకు ఒకటి చాలు.

జెరూసలెం కుదరకపోతే

భద్రత వల్ల, కుటుంబం వల్ల వెళ్లలేనివారికి స్టాక్‌హోమ్‌లోని పైదేయా (2000) ఒక ఏడాది ఫెలోషిప్ ఇస్తుంది. మూలపాఠాలు, యూరప్ యూదు సంస్కృతి కలిపి చదివిస్తారు, బోధన ఇంగ్లిషులో. పోట్స్‌డామ్ యూనివర్సిటీలో యూదు వేదాంత విభాగం, బుడాపెస్ట్‌లో 1877 నుంచి నడుస్తున్న రబ్బీ సెమినరీ పరిశోధనకు మంచివి. పైన చెప్పిన హవ్రూతా సాంద్రత మాత్రం ఇక్కడ ఆశించవద్దు. వారానికి మూడు ఉదయాలు ఆన్‌లైన్ తోడుతో ఆ లోటు కొంత పూడ్చుకోవాలి.

తిరుగు ప్రయాణం ముందు

అంచనా లేఖలు పస్కా సెలవుల కన్నా ముందే అడగండి. వేసవిలో అధ్యాపకులు అమెరికా సమాజాల్లో బోధించడానికి వెళ్లిపోతారు, మెయిళ్లకు జవాబు రాదు. లేఖలో మసెఖెత్ (తల్ముద్ భాగం) పేరు, చదివిన పుటల సంఖ్యలు, వారానికి గంటలు, స్థాయి స్పష్టంగా ఉండాలి. 'బాగా చదివాడు' అన్న వాక్యంతో డీన్ ఆఫీసులో క్రెడిట్ పడదు. అద్దె ఇంటి అర్నోనా, విద్యుత్తు, నీటి ఖాతాలు తర్వాతి వారి పేరుకు మార్పించి ఆ రశీదులు దాచుకోండి. పుస్తకాలు సూట్‌కేసులో బరువు, 20 పెద్ద సంపుటాల తల్ముద్ సెట్ అసలే కుదరదు. అక్కడ కొన్నవాటిలో మీ పెన్సిల్ గుర్తులున్న మసెఖెత్ మాత్రం చేతిసంచిలో పెట్టుకుని, మిగతావి బేత్ మిద్రాష్ బీరువాలో వదిలేయండి. తర్వాతి విద్యార్థికి ఒక ఖర్చు తగ్గుతుంది.